మరుగున పడిన పాట మళ్లీ వినిపిస్తే డబ్బు ఎవరికి చేరుతోంది?

2022 జూన్‌లో బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరిన పాట వయసు అప్పటికే దాదాపు 37 ఏళ్లు. కేట్ బుష్ 1985లో విడుదల చేసిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ అది. వచ్చిన కొత్తలో బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్లింది, అమెరికాలో 30వ స్థానం దగ్గరే ఆగిపోయింది. తర్వాత పాత అభిమానులకు తప్ప కొత్త తరానికి పెద్దగా తెలియదు. 2022 మే 27న నెట్‌ఫ్లిక్స్‌లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ నాలుగో సీజన్ వచ్చింది. అందులో ఒక అమ్మాయి ప్రాణం నిలబెట్టే పాటగా దాన్ని వాడుకున్నారు. మూడు వారాలు తిరిగేసరికి, పాట పుట్టినప్పటికి ఇంకా పుట్టని పిల్లలు కోట్ల సంఖ్యలో దాన్ని వింటున్నారు. అప్పటికి కేట్ బుష్‌కు 63 ఏళ్లు.

ఇలాంటి కబురు వచ్చినప్పుడల్లా మనం అనేమాట ఒకటే: ‘మంచి పాట ఎప్పటికైనా బయటికొస్తుంది’. వినడానికి బాగుంటుంది కానీ జరుగుతున్నది అది కాదు. బయటికి వచ్చిన పాటల వివరాలు ఒక్కొక్కటీ చూస్తే, ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు ఒక ప్రతిని పారేయకుండా ఉంచారు. అలా వచ్చిన పాటలన్నిటికీ డబ్బు పాడినవారికే చేరిందనీ లేదు. చేరిన చోట హక్కుల కాగితాలు సరిగా ఉన్నాయి, చేరని చోట లేవు. పాత పాటల వ్యాపారం ఇంతగా పెరిగిన ఈ రోజుల్లో ఈ రెండు సంగతులూ మన ఇళ్లకు కూడా పనికొస్తాయి.

పాతదే పెద్ద వ్యాపారం

అమెరికాలో 2022లో జనం విన్న సంగీతంలో దాదాపు 72 శాతం పాతదే. అక్కడి లెక్కలో పాతదంటే విడుదలై 18 నెలలు దాటినది. అందుకే పెద్ద కంపెనీలు పాత పాటల హక్కులు కొనడానికి భారీగా ఖర్చు పెడుతున్నాయి. 2020 డిసెంబరులో బాబ్ డిలన్ తాను రాసిన పాటల హక్కులను యూనివర్సల్ సంస్థకు అమ్మారు. మరుసటి ఏడాది డిసెంబరులో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటలూ రికార్డింగులూ కలిపి సోనీకి ఇచ్చేశారు. ఆ బేరం దాదాపు 50 కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి.

మన దేశంలో కూడా అదే దారి. ఒకప్పటి గ్రామఫోన్ కంపెనీ, నేటి సరిగమ, 2017లో ‘కార్వాన్’ అనే పెట్టెను తెచ్చింది. చూడటానికి పాత రేడియోలా ఉంటుంది, లోపల 5,000 పాత పాటలు. కొత్తగా ఒక్క పాటా రికార్డు చేయాల్సిన పని లేదు. గోడౌనులో ఉన్నదాన్నే మళ్లీ అమ్ముకోవచ్చు.

అయితే ఈ లాభం గోడౌనులో భద్రంగా ఉన్న పాటలకే. ఎవరి గోడౌనులోనూ లేని పాటల సంగతి వేరు. రాక్, పాప్ సంగీతంలో అలాంటివి చాలా ఉన్నాయి. మన దేశంలో ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ పాటంటే సినిమా పాట. సినిమా బయట గిటారు పట్టుకున్నవాళ్లకు రేడియోలో చోటు తక్కువ, రికార్డు కంపెనీల దగ్గర ఇంకా తక్కువ.

పాడినామెకే తెలియని పేరు

రూపా బిశ్వాస్ సంగతి చూడండి. కలకత్తా అమ్మాయి. కెనడాలోని కాల్గరీలో ఉన్న అన్న దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడ పాడింది. అది విన్న సరోద్ విద్వాంసుడు ఆశిష్ ఖాన్ ఆమెతో ఒక ఆల్బమ్ చేశారు. సరోద్, తబలా ఒకవైపు, డిస్కో గిటారు, డ్రమ్స్ మరోవైపు. 1982లో కలకత్తా మెగాఫోన్ కంపెనీ దాన్ని ‘డిస్కో జాజ్’ పేరుతో విడుదల చేసింది. అంతకు ముందు ఏడాదే నాజియా హసన్ ‘డిస్కో దీవానే’ దేశాన్ని ఊపేసి ఉంది. ఆ హోరులో రూపా రికార్డును పట్టించుకున్నవారు లేరు. ఆమె పాటల సంగతి వదిలేసి సంసారంలో పడిపోయింది.

దాదాపు 37 ఏళ్ల తర్వాత, ఇంట్లో దొరికిన ఆ పాత రికార్డు పేరును కొడుకు ఇంటర్నెట్‌లో వెతికాడు. యూట్యూబ్‌లో ఆ పాటలు అప్పటికే లక్షల మంది వింటున్నారు. పాత రికార్డులు సేకరించేవాళ్లు ఒక్కో ప్రతికి వందల డాలర్లు పెడుతున్నారు. ఇదంతా ఆమెకు తెలియదు, ఒక్క రూపాయీ ముట్టలేదు. 2019లో అమెరికాలోని న్యూమెరో గ్రూప్ సంస్థ ఆమెతో మాట్లాడి ఒప్పందం చేసుకుని ఆ ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసింది. ఆమెకు పేరూ ప్రతిఫలమూ వచ్చాయి. ఆ కొడుకు ఆరోజు వెతక్కపోతే ఎవరి పాటో తెలియకుండానే ప్రపంచం డాన్సు చేస్తూ ఉండేది.

అదే 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ హెచ్‌ఎంవీకి ఒక రికార్డు చేశారు. ఆయన సినిమా పాటల వాద్యబృందాల్లో వాయించే మనిషి. ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ అని దానికి పేరు. భైరవ్, మాల్‌కౌంస్, యమన్ లాంటి పది రాగాలను రోలాండ్ టీబీ-303, టీఆర్-808 యంత్రాల మీద వాయించారు. కొన్నవాళ్లు లేరు, రికార్డు మూలన పడింది. 2002లో ఒక డచ్ సేకర్తకు ఢిల్లీలోని ఒక పాత దుకాణంలో ఒక ప్రతి కనబడింది. 2010లో అది యూరప్‌లో మళ్లీ విడుదలైతే సంగీతం తెలిసినవాళ్లు ఆశ్చర్యపోయారు. షికాగోలో ‘యాసిడ్ హౌస్’ అనే సంగీతానికి తొలి రికార్డుగా చెప్పుకునే ‘యాసిడ్ ట్రాక్స్’ వచ్చింది 1987లో. అవే యంత్రాలతో దాదాపు అలాగే వినిపించే సంగీతం బొంబాయిలో ఐదేళ్ల ముందే తయారై ఉంది. 70 దాటాక చరణ్‌జిత్ సింగ్ యూరప్ వేదికల మీద ఆ రాగాలు మళ్లీ వాయించారు. 2015లో కన్నుమూశారు. ఆ గుర్తింపు కొంతకాలమైనా ఆయన చూశారు.

ఈ రెండు రికార్డులూ మనకు మిగలడానికి కారణం ఒకటే. ఒకటి ఒక ఇంట్లో పడి ఉంది, మరొకటి ఒక దుకాణంలో పడి ఉంది. వాటిని దాచాలని ఎవరూ గట్టిగా అనుకున్నది కూడా లేదు, పారేయలేదంతే.

పత్తా లేనివి ఎన్ని?

పారేసినవాటి లెక్క మనకు ఎప్పటికీ తెలియదు. 1970లో, 1971లో ఇంపీరియల్ టొబాకో కంపెనీ తన ‘సిమ్లా’ సిగరెట్ల ప్రచారం కోసం కుర్ర బృందాలకు ‘సిమ్లా బీట్’ అనే పోటీ పెట్టింది. దేశంలో చాలా నగరాల నుంచి కాలేజీ కుర్రాళ్లు గిటార్లు పట్టుకుని వచ్చారు. గెలిచినవారి పాటలతో రెండేళ్లు రెండు ఎల్‌పీ రికార్డులు వచ్చాయి. ఇప్పుడు వాటి అసలు ప్రతులకు విదేశాల్లో మంచి ధర పలుకుతోంది. ఆ రెండు రికార్డుల్లోకి ఎక్కినవారి గొంతులు మిగిలాయి. పోటీకి వచ్చి ఓడిపోయినవారు, కాలేజీ ఉత్సవాల్లో వాయించి ఊరుకున్నవారు ఎలా వాయించారో చెప్పడానికి ఈరోజు ఏమీ లేదు. సిద్ధార్థ్ భాటియా 2014లో రాసిన ‘ఇండియా సైకెడెలిక్’ పుస్తకంలో ఆ కాలం కనబడుతుంది. అది చదువుకోవడానికే, వినడానికి కాదు.

ఇది మన పేదరికం వల్ల వచ్చిన ఇబ్బంది మాత్రమే అనుకోనక్కర్లేదు. 2008 జూన్ 1న లాస్ ఏంజలెస్‌లోని యూనివర్సల్ స్టూడియోలో మంటలు లేచాయి. అక్కడి గోడౌనులో ఉన్న మాస్టర్ టేపులు, అంటే స్టూడియోలో మొదట రికార్డు చేసిన అసలు టేపులు, కాలిపోయాయి. ఆ నష్టం ఎంతటిదో ప్రపంచానికి తెలిసింది 2019లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన తర్వాతే. అంత సొమ్మున్న కంపెనీకే అలా అయితే చిన్న కంపెనీల టేపుల గతి ఊహించుకోవచ్చు.

మరి దొరికిన పాట ఎలా పాకుతుంది? ఈమధ్య ఆ పని యంత్రాలు చేస్తున్నాయి. జపాన్ గాయని మరియా టకేయుచి 1984లో పాడిన ‘ప్లాస్టిక్ లవ్’ అందుకు పెద్ద ఉదాహరణ. 2017లో ఒక అభిమాని దాన్ని యూట్యూబ్‌లో పెట్టాడు. యూట్యూబ్ సిఫార్సులు దాన్ని జపాను భాష రానివారి ముందు పదేపదే పెట్టాయి. కోట్ల మంది విన్నారు. తమాషా ఏమిటంటే, మధ్యలో కొన్నాళ్లు ఆ వీడియో తీసేశారు. కారణం పాట హక్కు కాదు, వీడియోకు పెట్టిన ఫొటో హక్కు గురించి వచ్చిన పేచీ. కంపెనీ తనంత తానుగా అధికారిక వీడియో తెచ్చింది 2019లో. అంటే యంత్రం చేసేది ఉన్నదాన్ని ఎక్కువ మందికి చూపడం. ఎవరూ ఎక్కించని పాటను అది ఎక్కడి నుంచీ తేలేదు.

పేరు ఒకరికి, సొమ్ము ఇంకొకరికి

ఇక డబ్బు సంగతి. కేట్ బుష్ 1983లోనే సొంత స్టూడియో కట్టుకుంది. ఆ పాట రాసింది, బాణీ కట్టింది, నిర్మించింది ఆమే. రికార్డింగు హక్కులు కూడా ఆమె దగ్గరే ఉన్నాయి. అందుకే 2022లో వచ్చిన రాబడిలో పెద్ద వాటా నేరుగా ఆమెకే వెళ్లింది.

డెట్రాయిట్ గాయకుడు రోడ్రిగెజ్ కథ దీనికి పూర్తిగా తిరగబడిన కథ. 1970లో ‘కోల్డ్ ఫ్యాక్ట్’, 1971లో ‘కమింగ్ ఫ్రమ్ రియాలిటీ’ అనే ఆల్బమ్‌లు చేశాడు. అమెరికాలో ఎవరూ కొనలేదు. పాత ఇళ్లు పడగొట్టే కూలి పనికి వెళ్లి బతికాడు. ఆ రికార్డులు సముద్రాలు దాటి దక్షిణాఫ్రికా చేరాయి. జాతివివక్ష రోజుల్లో అక్కడి తెల్ల కుర్రాళ్లకు అవి తిరుగుబాటు పాటలయ్యాయి. ఇంటింటా మోగాయి. గాయకుడు వేదిక మీదే చనిపోయాడని అక్కడ పుకారు కూడా పుట్టింది. మనిషేమో డెట్రాయిట్‌లో ఇటుకలు మోస్తున్నాడు. అమ్మకాల డబ్బు అతనికి చేరలేదు. అభిమానులే వెతికి పట్టుకుని 1998లో దక్షిణాఫ్రికా పిలిపిస్తే వేల మంది ముందు పాడాడు. 2012లో వచ్చిన ‘సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్’ డాక్యుమెంటరీకి మరుసటి ఏడాది ఆస్కార్ వచ్చింది. రోడ్రిగెజ్ 2023 ఆగస్టులో 81 ఏళ్ల వయసులో పోయాడు. పాట బతికిన దేశంలో, అది బతికిన పాతికేళ్లూ పాడినవాడికి సంగతే తెలియదు.

మన దగ్గర ఈ తగువు వేరే రూపంలో నడుస్తోంది. 2024లో వచ్చిన మలయాళ చిత్రం ‘మంజుమ్మల్ బాయ్స్’లో 1991 నాటి తమిళ చిత్రం ‘గుణ’ పాట వాడారు. ఆ పాట మళ్లీ కొత్తగా మోగింది. మే నెలలో సంగీత దర్శకుడు ఇళయరాజా తన అనుమతి తీసుకోలేదని నోటీసు పంపారు. ఆడియో హక్కులున్న కంపెనీల దగ్గర అనుమతి తీసుకున్నామని నిర్మాతలు అన్నారు. అంతకు ముందు 2017లో ఆయన నోటీసు అందుకున్నది మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. అమెరికా కచేరీల్లో తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఆ నోటీసు. ఇక ఆ పాటలు పాడబోనని బాలు ప్రకటించినప్పుడు తమిళనాడులోనూ ఆంధ్రలోనూ అభిమానులు రెండుగా చీలి వాదించుకున్నారు.

వాదన ఎటున్నా అసలు చిక్కు ఒకటుంది. ఒక పాటలో ఒక హక్కు కాదు, చాలా హక్కులున్నాయి. మాటలు రాసినవారిది ఒకటి, బాణీ కట్టినవారిది ఒకటి, రికార్డింగు చేయించినవారిది ఇంకొకటి. పాడినవారికీ వాయించినవారికీ వేరే హక్కుంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించేదాకా కవులూ సంగీత దర్శకులూ ఒక్కసారి డబ్బు తీసుకుని అన్నీ రాసిచ్చేసేవారు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ ఈ విషయం మీద గట్టిగా మాట్లాడారు. సవరణ తర్వాత సినిమా హాలు బయట పాట వాడినప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ సమాన వాటా ఉంది, దాన్ని కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. కానీ అంతకు ముందు కాలపు పాటల కాగితాల్లో ఏముందో కోర్టులే తేల్చాల్సి వస్తోంది.

గడువు సంగతి కూడా తెలుసుకోవాలి. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు ఉంటుంది. 1964లో వెలువడిన రికార్డు మీద ఆ హక్కు 2024తో ముగిసింది. కానీ బాణీ మీదా మాటల మీదా హక్కు రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు. ఘంటసాల 1974లో పోయారు కాబట్టి ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. ‘పాత పాటే కదా, ఎవరైనా వాడుకోవచ్చు’ అనే మాట అందుకే సగమే నిజం.

మన అటకల మీద ఉన్నవి

ఇదంతా మనకెందుకు? బరంపురంలోనో బెంగళూరులోనో షోలాపూర్‌లోనో తరాలుగా ఉన్న ఇళ్లలో చాలాచోట్ల క్యాసెట్ల పెట్టె ఒకటి ఉంటుంది. పైన ఉన్నవి సినిమా పాటలు. అవి పోయినా నష్టం లేదు, కంపెనీ గోడౌనులో ఉన్నాయి. అడుగున ఉన్నవి చూడండి. ఉగాదికి తెలుగు సంఘం పెట్టిన ఆర్కెస్ట్రా, కాలేజీలో బాబాయి గిటారు వాయించిన రాత్రి, పెళ్లిలో అత్తలు పాడిన పాట, అక్కడి భాష మాటలు కలిసిన మన తెలుగు. వాటికి ఉన్నది ఒకే ప్రతి. హైదరాబాదులో లేదు, విజయవాడలో లేదు. స్థానిక భాష వారి భాండాగారాల్లో మన తెలుగు పాటకు చోటు ఉండదు, రెండు తెలుగు రాష్ట్రాల వారికి మన ఊరి సంఘం ఆర్కెస్ట్రా సంగతి తెలియదు. మన పాట మనమే దాచుకోకపోతే ఏ యంత్రమూ దాన్ని సిఫార్సు చేయలేదు.

క్యాసెట్ టేపు కలకాలం ఉండేది కాదు. ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప పొడిని అతికించే జిగురు తేమకు పాడవుతుంది. చెన్నై, యానాం లాంటి సముద్రతీరపు ఊళ్లలో బూజు త్వరగా పడుతుంది. బూజు పట్టిన టేపును ఆడించి చూడకండి, టేపూ తెగుతుంది, ప్లేయర్ హెడ్డూ పాడవుతుంది. ముందు తెలిసినవారితో శుభ్రం చేయించాలి. బాగున్న టేపును కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3గా కాకుండా వేవ్ ఫైలుగా ఎక్కించండి. ప్రపంచవ్యాప్తంగా ధ్వని భాండాగారాలు కనీసం 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ అడుగుతాయి. ఎంపీ3 చిన్నదిగా ఉండటానికి కొంత శబ్దాన్ని వదిలేస్తుంది, అది మళ్లీ రాదు. ఫైలు రెండు చోట్ల, వీలైతే రెండు ఊళ్లలో ఉంచండి. ఎక్కించేశాం కదా అని అసలు టేపు పారేయకండి.

టేపు ఎక్కించడం కంటే ముఖ్యమైన పని పెద్దవాళ్లను కూర్చోబెట్టి పేర్లు రాయించడం. ఎవరు పాడారు, ఎవరు వాయించారు, ఏ ఊరు, ఏ ఏడాది, పాట ఎవరు కట్టారు, ఎవరు రికార్డు చేశారు. రోడ్రిగెజ్ పాటలు దేశమంతా మోగినా మనిషి దొరకడానికి పాతికేళ్లు పట్టింది. రూపా బిశ్వాస్ పేరు రికార్డు అట్ట మీద ఉంది కాబట్టే కొడుకు వెతకగలిగాడు. పేరు రాసి ఉంటే రేపు ఎవరైనా ఆ పాట వాడుకోవాలన్నా ఎవరిని అడగాలో తెలుస్తుంది, డబ్బు వస్తే ఎవరికివ్వాలో తెలుస్తుంది.

యూట్యూబ్‌లో పెట్టేముందు పాడినవారిని, లేదా వారి ఇంటివారిని అడగడం మర్యాద, చట్టప్రకారం అవసరం కూడా. సొంత కూర్పు అయితే బాణీ కట్టినవారు ఐపీఆర్‌ఎస్ సంఘంలో సభ్యులుగా చేరి రాయల్టీ హక్కు నమోదు చేసుకోవచ్చు. సినిమా పాటను సంఘం వేదిక మీద పాడినదైతే ఆ బాణీ మీద హక్కు వేరేవారిది, దాన్ని ఇంట్లో దాచుకోవడం వేరు, లోకానికి పెట్టడం వేరు. తెలుగు సంఘాలు వార్షికోత్సవాలకు పెట్టే ఖర్చులో కొద్ది భాగం ఒక మంచి క్యాసెట్ ప్లేయరుకూ, రెండు హార్డ్ డిస్కులకూ, సెలవుల్లో కూర్చునే ఇద్దరు కుర్రాళ్లకూ కేటాయిస్తే ఒక ఊరి టేపులన్నీ ఎక్కించవచ్చు.

1970లు, 80ల్లో పాడినవారు, వాయించినవారు ఇప్పుడు డెబ్బై దాటినవారు. టేపు ఇంకో పదేళ్లు ఆగినా ఆగవచ్చు. అందులో ఉన్న గొంతు ఎవరిదో చెప్పగలిగే మనిషి అప్పటికి ఉండకపోవచ్చు. ఈ దసరా సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ముందు ఆ పెట్టె దించి, అమ్మమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకోండి.